13 ఏళ్ళ అబ్బాయికి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 438, రిపోర్టులో ఎర్రగా ‘హై’ అని వచ్చింది. ఎవరైనా చెప్పగలరా?

బోయిన్‌పల్లి_నాన్న | శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. ఇంట్లో పెద్దవాళ్ళ కోసం హెల్త్ ప్యాకేజీ ఒకటి బుక్ చేశాను. ముగ్గురికి కడితే నాలుగో మనిషికి ఉచితం అన్నారు. నాలుగో మనిషి ఎవరా అని తల తిప్పి చూస్తే మా వాడు బ్యాటు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాడికీ చేయిద్దాం, పోయేదేముంది అనుకున్నాను. పోయింది నా నిద్ర.

వాడికి 13 ఏళ్ళ 7 నెలలు. జ్వరం లేదు, నొప్పి లేదు, తిండి మామూలు కంటే రెండింతలు తింటున్నాడు. రిపోర్టులో ఉన్నవి ఇవీ:

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 438 (పక్కన 40–129 అని ఉంది, ఎర్రగా హై)
ఫాస్ఫరస్ 5.1 (2.5–4.5 అని ఉంది, ఇదీ హై)
కాల్షియం 9.6
ఎస్‌జీపీటీ 19, బిలిరుబిన్ 0.6
విటమిన్ డి 16 (లో)

నెట్‌లో వెతికితే లివర్ అంటుంది, పిత్తనాళం అంటుంది, ఇంకో నాలుగు లైన్లు కిందికి వెళ్తే ఎముకల క్యాన్సర్ అంటుంది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. అత్తయ్యకి మాత్రం ఎలాగో తెలిసిపోయి మొక్కులు మొదలుపెట్టారు. సోమవారం దాకా డాక్టరు దొరకరు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

గోదారి_గట్టు | శనివారం, రాత్రి 10:52

అన్నా, మా బావమరిదికి ఇదే పెరిగితే చివరికి పిత్తాశయంలో రాళ్ళు తేలాయి. అశ్రద్ధ చేయొద్దు.

బోయిన్‌పల్లి_నాన్న | శనివారం, రాత్రి 10:55

ధైర్యం చెప్తారని పోస్ట్ పెడితే ఇదా తమ్ముడూ.

పసుపు405 | శనివారం, రాత్రి 11:20

గోదారి గారూ, మీ బావమరిది వయసెంత? నలభై దాటి ఉంటుంది కదా. ఈ అబ్బాయికి పదమూడు. ఇక్కడ ఉన్న విషయమంతా అదే.

నేను గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్‌ని, పదిహేడేళ్ళుగా ఈ పని. డాక్టర్ని కాను, కాబట్టి జబ్బు ఉంది, లేదు అని చెప్పను. రిపోర్టు మీద ఆ ఎర్ర అక్షరం ఎలా పడుతుందో చెప్తాను.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఒక ఎంజైమ్. శాంపిల్‌లో అదెంత ఉందో నేరుగా లెక్కపెట్టం, అది ఎంత చురుగ్గా పని చేస్తుందో చూస్తాం. దానికి ఒక రంగులేని ఫాస్ఫేట్ పదార్థం ఇస్తాం. ఎంజైమ్ అందులోంచి ఫాస్ఫేట్‌ని తెంపేస్తే మిగిలింది పసుపు రంగులోకి తిరుగుతుంది. ఆ పసుపు ఎంత వేగంగా ముదురుతోందో యంత్రం 405 నానోమీటర్ల కాంతి దగ్గర చూసి అంకె ఇస్తుంది. (నా పేరు ఎక్కడిదని ఇంతకుముందు ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇదుగో, ఇదీ.)

ఆ ఎంజైమ్ లివర్‌ నుంచి వచ్చిందా, ఎముక నుంచి వచ్చిందా, పేగు నుంచి వచ్చిందా అన్నది యంత్రానికి తెలియదు. అంతా కలిపి ఒకే అంకె. పెద్దవాళ్ళలో లివర్ వాటా, ఎముక వాటా దాదాపు సగం సగం. ఎదిగే పిల్లల్లో ఎక్కువ భాగం ఎముకదే. పెద్దవాళ్ళ హద్దు 129 అని ప్రింటయిన కాగితం మీద పదమూడేళ్ళ పిల్లాడి అంకె వేస్తే ఎర్రగా కాక ఎలా వస్తుంది? చాలా ల్యాబుల సాఫ్ట్‌వేర్‌లో వయసును బట్టి హద్దులు పెట్టుకునే ఏర్పాటు ఉంటుంది. ఎవరూ కూర్చుని నింపరు. యంత్రం కంపెనీ వాళ్ళు మొదటి రోజు ఏ అంకెలు పెట్టి వెళ్ళారో అవే ఏళ్ళ తరబడి ప్రింటవుతూ ఉంటాయి. మా దగ్గరా మొన్నమొన్నటిదాకా అంతే.

మీ రిపోర్టు మీద బాబు వయసు సరిగ్గా పడిందా? హద్దు పక్కన ‘పెద్దలు’ అని ఉందా?

బోయిన్‌పల్లి_నాన్న | శనివారం, రాత్రి 11:31

వయసు 13 అనే ఉంది మేడం. హద్దు పక్కన ఏమీ లేదు, ఉత్త 40–129.

విశ్రాంత_జీవి | ఆదివారం, ఉదయం 6:05

మా రోజుల్లో ఈ పరీక్షలో 13 దాటితేనే ఎక్కువ అనేవారు. 438 ఎక్కడి లెక్క?

పసుపు405 | ఆదివారం, ఉదయం 7:40

తాతగారూ, అప్పట్లో కింగ్-ఆర్మ్‌స్ట్రాంగ్ యూనిట్లు. పెద్దవాళ్ళకి 3 నుంచి 13 అని రాసేవారు. ఆ ఒక యూనిట్ ఇప్పటి యూనిట్లలో సుమారు 7.1. మీ 13 అంటే ఇప్పటి లెక్కలో 92 దాకా. పద్ధతులు కూడా మారాయి కాబట్టి పాత కాగితాన్నీ కొత్త కాగితాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

పిల్లలడాక్టర్_కాకినాడ | ఆదివారం, ఉదయం 9:15

బోయిన్‌పల్లి గారూ, ముందు నా ప్రశ్నలకి జవాబు చెప్పండి. బాబు రాత్రి నిద్రలోంచి లేచి ఒకే చోట నొప్పి అని ఏడుస్తున్నాడా? కుంటుతున్నాడా? ఎక్కడైనా గట్టిగా వాపు ఉందా? కాళ్ళు వంకరపోతున్నాయా? ఒంటి దురద, పచ్చకళ్ళు, బరువు తగ్గడం? ఏవైనా మందులు, ముఖ్యంగా ఫిట్స్ మందులు వాడుతున్నాడా? ఏడాదిలో ఎంత పొడుగు పెరిగాడు?

బోయిన్‌పల్లి_నాన్న | ఆదివారం, ఉదయం 9:32

ఏవీ లేవు డాక్టర్ గారూ. పొడుగంటే, మా ఇంట్లో బీరువా పక్క గోడ మీద ప్రతి పుట్టినరోజుకీ పెన్సిల్‌తో గీత గీస్తాం. పోయిన గీతకీ ఇవాళ్టికీ టేపు పెట్టి చూశాను, ఏడు నెలల్లో 6 సెంటీమీటర్ల చిల్లర. స్కూలు బూట్లు ఈ ఏడాదిలో మూడోసారి కొన్నాం. జూన్‌లో కుట్టించిన ప్యాంట్లు చీలమండ పైకెక్కాయి.

పిల్లలడాక్టర్_కాకినాడ | ఆదివారం, ఉదయం 10:10

ఈ సంగతి మొదటి పోస్టులోనే రాసి ఉంటే మీ అత్తయ్యగారికి మొక్కులు తప్పేవి.

యుక్తవయసు రాకముందు పిల్లలు ఏడాదికి 5–6 సెంటీమీటర్లు పెరుగుతారు. మగపిల్లల్లో 13–14 ఏళ్ళ మధ్య ఒక్కసారిగా ఊపు వస్తుంది, ఆ ఏడాది 9–10 సెంటీమీటర్లు పెరగడం మామూలే. ఆడపిల్లల్లో ఆ ఊపు రెండేళ్ళు ముందే, పదకొండు పన్నెండుకే వస్తుంది, ఆ ఊపు కాస్త తక్కువ. ముందు పాదాలు పెరుగుతాయి, తర్వాత కాళ్ళు, చివర్న నడుము పైభాగం. అందుకే మొదట బూట్లు బిగుతవుతాయి. ఎముక కట్టే కణాలు ఆ ఏడాది రాత్రింబగళ్ళు పనిలో ఉంటాయి. ఆ పనికి వాడే ఎంజైమే కొంత రక్తంలోకి వస్తుంది. మీ వాడు సరిగ్గా ఆ మెట్టు మీదే ఉన్నాడు.

కెనడాలో టొరంటో పిల్లల ఆసుపత్రి కాలిపర్ అనే ప్రాజెక్టు కింద ఆరోగ్యంగా ఉన్న వేలమంది పిల్లల రక్తం పరీక్షించి వయసువారీ హద్దులు తయారు చేసింది. వాటి ప్రకారం ఒకటి నుంచి పదేళ్ళలోపు సుమారు 142–335. పది నుంచి పదమూడులోపు 129–417. పదమూడు నుంచి పదిహేనులోపు అబ్బాయిలకి 116–468, అదే వయసు అమ్మాయిలకి 57–254. పదిహేను నుంచి పదిహేడులోపు అబ్బాయిలకి 82–331, అమ్మాయిలకి 50–117. యంత్రాన్ని బట్టి, వాడే రసాయనాన్ని బట్టి ఇవి అటూఇటూ అవుతాయి, ఇవే గీతలని పట్టుకోకండి. మన పిల్లల రిపోర్టుల మీద కనీసం ఈ పాటి హద్దులైనా ప్రింటయితే నా ఓపీలో సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

438 ఆ హద్దులోనే ఉంది. ఫాస్ఫరస్ కూడా పిల్లల్లో పెద్దవాళ్ళకంటే ఎక్కువే ఉంటుంది, ఈ వయసుకి 5.1 మామూలే. రేపు వెళ్ళినప్పుడు జీజీటీ అనే పరీక్ష చేస్తారేమో అడగండి. అది లివర్‌లో ఉంటుంది, ఎముకలో ఉండదు. జీజీటీ మామూలుగా ఉండి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువగా ఉంటే ఎముక నుంచి వస్తోందని అర్థం. ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ బాగున్నాయి కాబట్టి నాకు లివర్ మీద పెద్దగా అనుమానం లేదు. అయినా ఫోరంలో రాసినదాన్ని పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళడం మానొద్దు.

బోయిన్‌పల్లి_నాన్న | ఆదివారం, ఉదయం 10:18

డాక్టర్ గారూ, మేడం గారూ, మీకు రుణపడి ఉంటాను. మా ఆవిడకి ఇప్పుడు చెప్పాను. ముందే ఎందుకు చెప్పలేదని ఇప్పుడు వేరే గొడవ నడుస్తోంది.

నిద్రలేని_తల్లి | ఆదివారం, ఉదయం 11:02

నా కథ వింటే మీది చిన్నదనిపిస్తుంది అన్నా. మా పాపకి 22 నెలలప్పుడు వాంతులు, విరేచనాలు వచ్చి తగ్గాక పరీక్ష చేయిస్తే ఇదే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 2,140! రెండు వేలు! ల్యాబు వాళ్ళే భయపడి ఫోన్ చేశారు. మణికట్టు ఎక్స్‌రే తీశారు, రికెట్స్ (ఎముకలు మెత్తబడే జబ్బు) లేదన్నారు. కాల్షియం, ఫాస్ఫరస్, లివర్ అన్నీ బాగున్నాయి. పాప మాత్రం ఇల్లంతా పరుగులు పెడుతోంది. డాక్టరు ఏ మందూ రాయకుండా మూడు నెలలాగి రమ్మన్నారు. ఆ మూడు నెలలు నేనెలా గడిపానో నాకే తెలుసు. మళ్ళీ చేయిస్తే 260.

పిల్లలడాక్టర్_కాకినాడ | ఆదివారం, ఉదయం 11:30

ఇది అయిదేళ్ళలోపు పిల్లల్లో అప్పుడప్పుడు చూస్తాం. వైరల్ జ్వరమో విరేచనాలో అయ్యాక అంకె ఒక్కసారిగా ఆకాశానికి ఎగిరి, మూడు నాలుగు నెలల్లో దానంతటదే దిగిపోతుంది. రికెట్స్, లివర్ జబ్బు లేవని చూసుకున్నాక ఊరికే వేచి ఉండటమే వైద్యం. మందు రాయకుండా పంపగలిగిన ఆ డాక్టరు మంచివారమ్మా. తల్లిదండ్రుల మొహాలు చూస్తూ అలా పంపడం అంత సులువు కాదు.

ఎడిసన్_అక్క | ఆదివారం, మధ్యాహ్నం 2:20

న్యూజెర్సీ నుంచి. మా అమ్మాయికి 14 నిండాయి. ఫిజికల్‌కి వెళ్తే ఇదే టెస్ట్ 96 వచ్చింది. ఇక్కడ వయసును బట్టే హద్దులు ఇస్తారు, నార్మల్ అనే ఉంది. కానీ మీ అబ్బాయికి 438 అని చదివాక, మా దానికి ఇంత తక్కువేంటి, పెరుగుదల ఆగిపోయిందా అని కొత్త దిగులు పట్టుకుంది. దానికి పన్నెండో ఏట మొదట్లో పెద్దమనిషి ఫంక్షన్ చేశాం.

పిల్లలడాక్టర్_కాకినాడ | ఆదివారం, సాయంత్రం 4:00

ఆడపిల్లలు రజస్వల అయ్యేసరికే పెరుగుదల ఊపు దాటేస్తారు. ఆ తర్వాత కొద్ది సెంటీమీటర్లే పెరుగుతారు. ఈస్ట్రోజన్ ఎముక చివర్న ఉండే మృదులాస్థి పలకల్ని నెమ్మదిగా మూసేస్తుంది, దాంతోపాటే ఈ ఎంజైమూ దిగిపోతుంది. పద్నాలుగేళ్ళ అమ్మాయికి 96, అదే వయసు అబ్బాయికి 438. రెండూ ఆరోగ్యమే. ఒకే తరగతిలో పక్కపక్క బెంచీల్లో కూర్చునే పిల్లల రక్తం ఇంత తేడాగా ఉంటుంది.

ఇందూరు_అమ్మ | ఆదివారం, సాయంత్రం 5:45

డాక్టర్ గారూ, ఒక డౌటు. మా బాబుకి ఏడున్నర ఏళ్ళు. రెండు నెలల కింద కడుపునొప్పి అని చూపించినప్పుడు చేసిన రిపోర్టు ఈ పోస్టు చూసి బయటకి తీశాను. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 71. పక్కన 40–129 అని ఉంది, నార్మల్ అనే ఇచ్చారు. కానీ మీరు పదేళ్ళలోపు 142 నుంచి అని రాశారు కదా. అట్లయితే మా వాడిది తక్కువ కాదా?

పసుపు405 | ఆదివారం, సాయంత్రం 6:10

ఇందూరు అక్కా, ఆ రిపోర్టులో కాల్షియం, పొటాషియం ఎంతెంత ఉన్నాయి? ఎందుకడుగుతున్నానంటే, ఊదారంగు మూత ట్యూబులో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. ఆ ట్యూబులో ముందు పట్టిన రక్తం కాస్త వేరే ట్యూబులో కలిసినా ఈ ఎంజైమ్ పడిపోతుంది. ఎంజైమ్ పని చేయడానికి జింకు, మెగ్నీషియం కావాలి, ఈడీటీఏ వాటిని పట్టేసుకుంటుంది. అప్పుడు కాల్షియం కూడా పడిపోతుంది, పొటాషియం పెరుగుతుంది. మూడూ కలిసి వస్తే తప్పు శాంపిల్‌దే.

ఇందూరు_అమ్మ | ఆదివారం, సాయంత్రం 6:22

కాల్షియం 9.8, పొటాషియం 4.2.

పసుపు405 | ఆదివారం, సాయంత్రం 6:25

శాంపిల్ బాగానే ఉంది. డాక్టర్ గారు చూస్తే బాగుంటుంది.

పిల్లలడాక్టర్_కాకినాడ | ఆదివారం, రాత్రి 8:50

అమ్మా, మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న. తప్పుడు హద్దు ఎదిగే పిల్లాడికి లేని జబ్బు అంటగడుతుంది, అందరూ కంగారు పడతారు. అదే హద్దు తక్కువ ఉన్న పిల్లాడిని నార్మల్ అని ఇంటికి పంపేస్తుంది, అప్పుడు ఎవరూ కంగారు పడరు. నాకు రెండోదే ఎక్కువ భయం.

తక్కువ ఉండటానికి మామూలు కారణాలు చాలా ఉన్నాయి: సరిగ్గా తినకపోవడం, జింకు లోపం, థైరాయిడ్ తక్కువ పని చేయడం. కాబట్టి ముందే భయపడకండి. ఒక్క ప్రశ్న మాత్రం అడుగుతాను. బాబుకి పాలపళ్ళు ఎప్పుడు ఊడటం మొదలైంది?

ఇందూరు_అమ్మ | ఆదివారం, రాత్రి 9:04

కింది ముందు పళ్ళు రెండూ తొందరగానే ఊడాయి సార్. మూడున్నర ఏళ్ళకి ఒకటి, నాలుగు నిండకముందే ఇంకొకటి. మంచం కోడు తగిలి ఊడిందని అనుకున్నాం. మొదటిది మా అత్తమ్మ మిద్దె మీదికి విసిరేసింది. రెండోది ఇంట్లోనే ఉంది, కుంకుమ భరిణెలో దాచింది. ఎందుకు సార్?

పిల్లలడాక్టర్_కాకినాడ | ఆదివారం, రాత్రి 9:15

పాలపళ్ళు మామూలుగా ఆరేళ్ళ ప్రాంతంలో ఊడతాయి. ఊడే ముందు వాటి వేరు కరిగిపోతుంది, చేతికి వచ్చేది పైన టోపీ మాత్రమే. ఆ భరిణెలో పన్ను తీసి చూడండి. వేరు పొడుగ్గా, పూర్తిగా ఉందా?

ఇందూరు_అమ్మ | ఆదివారం, రాత్రి 9:31

ఉంది సార్. పొడుగ్గానే ఉంది. ఫోటో మీకు మెసేజ్‌లో పెట్టాను.

పిల్లలడాక్టర్_కాకినాడ | ఆదివారం, రాత్రి 9:50

చూశాను. ఫోటో చూసి జబ్బు పేరు చెప్పను. ఈ వారంలో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మళ్ళీ చేయించండి. ఆ పన్ను కూడా పట్టుకెళ్ళండి. మళ్ళీ తక్కువే వస్తే పిల్లల ఎండోక్రైనాలజిస్టుకి (హార్మోన్ల డాక్టరుకి) చూపించమని అడగండి. తొందరపడాల్సినంత ప్రమాదం కాదు, వదిలేసేదీ కాదు. ఇంకో మాట, ఈలోగా ఎవరైనా విటమిన్ డి, కాల్షియం మందులు రాసిస్తామంటే ఆ తక్కువ అంకె సంగతి చెప్పకుండా మొదలుపెట్టకండి.

హైట్‌గురు | సోమవారం, ఉదయం 8:00

[ఈ పోస్టును మోడరేటర్ తొలగించారు]

మోడరేటర్ | సోమవారం, ఉదయం 8:20

ఎత్తు పెంచే పొడులు ఇక్కడ అమ్మవద్దు. రెండో హెచ్చరిక. మూడోది ఉండదు.

గోదారి_గట్టు | సోమవారం, ఉదయం 9:10

నా మీద కోపం పోయిందనుకుంటా, కాబట్టి అడుగుతున్నా. మా వాడికి పన్నెండు, క్లాసులో పొట్టివాడు. ఈ రక్త పరీక్షలు చేయిస్తే ఇంకా ఎంత పెరుగుతాడో తెలుస్తుందా?

ఎముకలగూడు | సోమవారం, ఉదయం 10:35

తెలియదు. ఎందుకు తెలియదో చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది. (బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ, మూడేళ్ళుగా ఇదే పని. పెళ్ళిళ్ళలో ఏం చేస్తున్నావని అడిగితే ఎముకలు అని చెప్పి తప్పించుకుంటాను.)

ఈ కథ 1923లో లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైంది. రాబర్ట్ రాబిసన్ అనే శాస్త్రవేత్త ఎదిగే ఎముకలో ఫాస్ఫేట్‌ని విడదీసే ఎంజైమ్ ఉందని చూపించి, ఎముక గట్టిపడటానికి అదే కారణం కావచ్చన్నాడు. ఆ ఎంజైమే మనం ఇప్పుడు ప్యాకేజీలో ఉచితంగా చేయించుకుంటున్నది. ఎముక ఖనిజం పేరుకోకుండా పైరోఫాస్ఫేట్ అనేది అడ్డుపడుతుంది, ఈ ఎంజైమ్ దాన్ని విరిచేసి దారి ఇస్తుందని తర్వాత తెలిసింది. ఎంజైమ్ మరీ తక్కువైతే ఏమవుతుందో దీన్ని బట్టి ఊహించుకోండి.

ఆ తర్వాత ఇంకా వచ్చాయి. ఎముకకి నార లాంటిది కొల్లాజెన్. కణం దాన్ని అల్లేటప్పుడు రెండు చివర్లా కొసలు కత్తిరిస్తుంది. దర్జీ దగ్గర గుడ్డ పీలికల్లాగా ఆ కొసలు రక్తంలోకి పోతాయి. అందులో ఒక కొస పేరు పీ1ఎన్‌పీ. పీలికలు ఎక్కువ కనిపిస్తే కుట్టుపని జోరుగా ఉందని అర్థం. పాత ఎముకని కొరికే కణాలూ ఉంటాయి, అవి కొరికినప్పుడు రాలే ముక్క సీటీఎక్స్. పెద్దవాళ్ళలో కొరుకుడు ఎక్కువైతే ఎముక గుల్లబారుతోందని కంగారుపడతాం. పిల్లల్లో రెండూ పెద్దవాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటాయి, ఎందుకంటే ఎముక పొడుగు, లావు పెరుగుతూ ఆకారం మార్చుకోవాలంటే ఒకవైపు కడుతూ ఇంకోవైపు కూల్చాల్సిందే. 2011లో అంతర్జాతీయ సంస్థలు ఈ రెండింటినీ ప్రామాణిక సూచికలుగా ఎంచుకున్నది పెద్దవాళ్ళ ఆస్టియోపొరోసిస్ కోసం. పిల్లల ఎత్తు చెప్పడానికి కాదు.

ఇక వీటి చపలత్వం చూడండి. సీటీఎక్స్ తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నానికి తగ్గిపోతుంది, ఇడ్లీ తింటే ఇంకా పడిపోతుంది. అందుకే పొద్దున్నే పరగడుపున తీయాలి. ఆస్టియోకాల్సిన్ అని ఇలాంటి ఎముక సూచికే ఇంకోటి, అది ట్యూబులో కాసేపుంటేనే విరిగిపోతుంది.

నాకు ఇష్టమైనది చివర్న చెప్తాను. ఎత్తు పెరిగేది ఎముక చివర్న ఉండే మృదులాస్థి పలకలో. అక్కడ మాత్రమే ఎక్కువగా తయారయ్యే కొల్లాజెన్ ఒకటుంది, పదో రకం. పలక ముందుకు జరిగేకొద్దీ అది విరిగి ముక్క రక్తంలోకి వస్తుంది. అమెరికాలో పోర్ట్‌లాండ్ ష్రైనర్స్ ఆసుపత్రి పరిశోధకులు 2017లో దీన్ని పట్టుకుని సీఎక్స్‌ఎం అని పేరు పెట్టారు. వేలిమీద సూదితో గుచ్చి కాగితం మీద ఆరబెట్టిన ఒక్క చుక్క రక్తంలోనూ కొలవచ్చు. పసిపిల్లల్లో బాగా ఎక్కువ, తర్వాత దిగుతుంది, యుక్తవయసులో మళ్ళీ లేస్తుంది, పెద్దయ్యాక దాదాపు కనిపించదు. ఎముక విరిగి అతుక్కునేటప్పుడు మాత్రం పెద్దవాళ్ళలోనూ తొంగిచూస్తుంది. ఎంత బాగుందో కదా! ఆరునెలలాగి టేపు పెట్టాల్సింది ఈ వారమే తెలుస్తుంది.

కానీ గోదారి గారూ, ఇదీ ఈ వారం ఎంత వేగంగా పెరుగుతున్నాడో చెప్తుంది. ఎన్నేళ్ళు పెరుగుతాడో చెప్పదు. బస్సు స్పీడు తెలిసినంత మాత్రాన ఏ ఊళ్ళో ఆగుతుందో తెలియదు కదా. పైగా ఇది ఇప్పటికి పరిశోధనల్లో వాడేదే, మీ వీధి ల్యాబులో అడిగితే మొహం చూస్తారు.

పిల్లలడాక్టర్_కాకినాడ | సోమవారం, మధ్యాహ్నం 1:40

బస్సు పోలిక నేను దొంగిలిస్తున్నాను. గోదారి గారూ, ఏ ఊళ్ళో ఆగుతుందో కాస్త అంచనా కావాలంటే రక్తం కాదు, ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే. ఎముక వయసెంతో అందులో తెలుస్తుంది. పన్నెండేళ్ళ వాడి ఎముక వయసు పది ఉంటే ఇంకా పెరిగే సమయం ఉందన్నమాట. అదీ ముందు ఎత్తు నాలుగైదు సార్లు కొలిచి, చార్టులో పెట్టి, ఏడాదికి అయిదు సెంటీమీటర్లు కూడా పెరగడం లేదని తేలితేనే. మీ ఇంట్లో గోడ మీద గీతలున్నాయా?

గోదారి_గట్టు | సోమవారం, మధ్యాహ్నం 1:52

అద్దె ఇల్లు సార్, ఓనరు ఊరుకోడు. తలుపు వెనక గీస్తా.

నల్లగొండ_మాస్టారు | సోమవారం, సాయంత్రం 6:30

డాక్టర్ గారికి నమస్కారం. నేను మునుగోడు వైపు బడిలో పనిచేసి రిటైరయ్యాను. ఒకప్పుడు నా తరగతిలో మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతూ నడిచే పిల్లలు ఉండేవారు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్నా ఈ అంకె పెరుగుతుందంటారా?

పిల్లలడాక్టర్_కాకినాడ | సోమవారం, రాత్రి 9:05

పెరగవచ్చు మాస్టారూ. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదట రాసిందే 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళ నుంచి. మీరు చెప్పిన మోకాళ్ళ వంకరని 1973లో మీ జిల్లా పిల్లల్లోనే హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వివరించారు. ఎముక కట్టే కణాల పని ఎక్కువై ఎంజైమ్ లేస్తుంది. కానీ అంకె చూసి ఇది ఫ్లోరైడే అనలేం. నీళ్ళు, మూత్రం పరీక్షించాలి, ఎక్స్‌రే చూడాలి. మీరు చూసిన ఆ నడకే మా పరీక్షలకంటే ముందు చెప్తుంది.

బోయిన్‌పల్లి_నాన్న | మంగళవారం, రాత్రి 9:20

నిన్న వెళ్ళొచ్చాం. జీజీటీ 13. డాక్టరు వాడిని నిలబెట్టి, వంచి, నడిపించి చూసి, పెరుగుతున్నాడు పొమ్మన్నారు. ఇక మిగిలింది విటమిన్ డి 16. పక్కింటాయన ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్ ఒకటి వేయిస్తే అయిపోతుందంటున్నారు. మా డాక్టరు మాత్రం రోజూ వేసుకునే చిన్న మోతాదు రాశారు. ఏది నయం?

పిల్లలడాక్టర్_కాకినాడ | మంగళవారం, రాత్రి 10:00

మీ డాక్టరు రాసిందే. పిల్లల డాక్టర్ల సంఘం 2021 మార్గదర్శకాల్లో 20 పైన ఉంటే చాలన్నారు, 12 నుంచి 20 మధ్య కాస్త తక్కువ, 12 కింద లోపం. మీవాడు మధ్యలో ఉన్నాడు. విటమిన్ డి ఎముకని దెబ్బతీసేంత తగ్గితే ఫాస్ఫరస్ పడిపోవాలి, మీవాడిది 5.1. అంటే ఇంకా అంతదాకా రాలేదు. పెద్ద ఇంజెక్షన్లు ఒకటి మీద ఒకటి వేయించుకుని కాల్షియం పెరిగి, వాంతులతో, కిడ్నీ దెబ్బతిని వచ్చిన పిల్లల్ని చూశాను. పక్కింటాయనకి కాఫీ ఇచ్చి పంపేయండి.

కాల్షియం ఈ వయసుకి రోజుకి 1000 మిల్లీగ్రాములు కావాలని మన ఐసీఎంఆర్ లెక్క. గ్లాసు పాలలో 300 దాకా వస్తుంది. వంద గ్రాముల రాగుల్లో 360 పైనే.

బోయిన్‌పల్లి_నాన్న | మంగళవారం, రాత్రి 10:12

రాగి సంగటి పేరెత్తితే వాడు ఇల్లు వదిలిపోతాడు. పాలు, పెరుగుతో సర్దుతాం.

పసుపు405 | 9 రోజుల తర్వాత

ఈ పోస్టు ప్రింటు తీసి మా ల్యాబు ఓనరుకి చూపించాను. ముందు నవ్వారు. తర్వాత ఇందూరు అక్క రాసింది చదివి నవ్వలేదు. రెండు రోజులు కూర్చుని సాఫ్ట్‌వేర్‌లో వయసువారీ హద్దులు నింపాం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌కి, ఫాస్ఫరస్‌కి, క్రియాటినిన్‌కి కూడా. పాత రిపోర్టులు వెనక్కి తిరగేస్తే పిల్లల్లో తక్కువ ఉన్నవి ఎన్నున్నాయో చూడాలని ఉంది. ధైర్యం చాలడం లేదు.

బోయిన్‌పల్లి_నాన్న | 9 రోజుల తర్వాత

మేడం, మంచి పని చేశారు. మేమూ ఆ ల్యాబుకి మెయిల్ పెట్టాం. ‘మీ అభిప్రాయం మాకు విలువైనది’ అని జవాబొచ్చింది. మా వాడు స్కూల్లో తనకి 438 వచ్చిందని చెప్పుకుంటున్నాడట, ఒకడు తనకి 300 అని బాధపడ్డాడట. బూట్లు నాలుగోసారి.

ఇందూరు అక్కా, బాబు సంగతి ఏమైంది?

ఇందూరు_అమ్మ | 5 వారాల తర్వాత

ఆలస్యానికి క్షమించండి అన్నా, తిరుగుతూనే ఉన్నాం. మళ్ళీ చేయిస్తే 68 వచ్చింది. జింకు, థైరాయిడ్ బాగున్నాయి. హైదరాబాద్‌లో పిల్లల ఎండోక్రైనాలజిస్టుకి చూపించాం. ఆయన పన్ను చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూశారు. వాడుతున్న మల్టీవిటమిన్ ఒక వారం ఆపించి, రక్తంలో బి6 చూశారు, బాగా ఎక్కువ వచ్చింది. ఎంజైమ్ తక్కువైతే అది ఖర్చుకాక అలా పేరుకుంటుందట. హైపోఫాస్ఫటేషియా (ఈ ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండే జబ్బు) అని పేరు చెప్పారు, తేలిక రకం అనుకుంటున్నారు. జీన్ టెస్టుకి పంపారు. మోకాలి ఎక్స్‌రే పరవాలేదన్నారు. పళ్ళ డాక్టరుకి ఆరునెలలకోసారి చూపించాలి. నాదీ, వాళ్ళ నాన్నదీ కూడా రక్తం తీశారు. వాళ్ళ నాన్నకి 34.

కాకినాడ డాక్టర్ గారూ, మీరు పన్ను సంగతి అడగకపోతే మాకు తట్టేది కాదు. అత్తమ్మ ఆ భరిణె ఇప్పుడు దేవుడి గూట్లో పెట్టింది. రెండోసారి చేయించిన రిపోర్టు కూడా దగ్గర పెట్టుకునే ఇది రాస్తున్నాను. 68 పక్కన ఏ గుర్తూ లేదు, నార్మల్ అనే ఉంది.